పల్లెవెలుగు

రోహిణి కార్తె.
తాడిపత్రిలో నాపబండ మీద చెంబెడు నీళ్లు చల్లితే
తడి కనిపించకముందే పోతుంది.
ఇప్పుడు బయట విత్తనం వేయడమంటే
పెనం మీద ఆవాలు వేయడమే.
అందుకని బంతి నారు ఇంట్లోనే పోసినా.

కుళ్లాయప్ప టీ బంకు దగ్గర
వారం రోజులు ఏరిన కాగితం కప్పులు,
కడిగి ఆరబెట్టినవి, యాభై రెండు.
కావాలని కాదు, సీట్ల లెక్క అట్ల కుదిరింది.
అడుగున బెజ్జాలు
నా పాత టికెట్ పంచితో కొట్టినా.
మెషిన్లు వచ్చినాక డిపోలో దాన్ని ఎవరూ అడగలేదు,
నేనూ ఇయ్యలేదు.
టక్ మని అదే చప్పుడు.
ఇరవై ఏండ్లు ఈ చెయ్యి చేసిన చప్పుడు.

విత్తనాలు పోయినేడు పీర్ల పండగ దండలోవి.
ఎండిన పువ్వును గోటితో చీలిస్తే
నల్లటి సూదులు, తెల్లటి తోకలు.
వక్కపొడి డబ్బాలో ఏడాది పడుకున్నాయి.
దిబ్బమన్ను, జల్లించిన ఎర్రమన్ను, గుప్పెడు ఇసుక.
కప్పుకు రెండు గింజలు,
పైన మన్ను దుప్పటి కప్పినట్టు కాదు,
పౌడరు అద్దినట్టు.

మాది మట్టిమిద్దె.
కిటికీ లేదు. పడసాల నడుమ గవాచి ఉంది.
అందులోంచి ఎండ దిగుతుంది, మూరెడు చదరం:
పొద్దున పడమటి గోడ మీద,
మిట్టమధ్యాన్నం బండల మీద,
మాపటికి తూర్పున గాదె ఎక్కి పోతుంది.
టైం తప్పదు.
మా పల్లెవెలుగు ఏనాడూ అంత సరిగ్గా నడవలేదు.

దాని వెంబడి కప్పుల పళ్లెం జరుపుతా, స్టేజీ స్టేజీకి.
ఏడున్నర, గోడ.
పది, స్తంభం.
పన్నెండు, నడిమధ్య.
దస్తగిరమ్మ మజ్జిగ గిన్నె పట్టుకొని
కాలెత్తి దాటుకుంటా అంటుంది:
"రిటైరయినోళ్లు గుళ్లూ గోపురాలూ తిరుగుతారంట.
నువ్వు ఎండకు టికెట్ కొడతాండావు."

నాలుగో రోజు ఏమీ లేదు.
ఐదో రోజు ఒక కప్పులో మన్ను ఉబ్బింది.
ఆరో రోజు
వంగిన మెడలు, తల మీద ఇంకా గింజ తొక్క,
నెత్తిన మూటతో ఎక్కిన సంత ఆడోళ్ల మాదిరి.
లెక్క పెట్టినా. అలవాటు.
అరవై ఏడు.
మళ్లీ పెట్టినా, అరవై తొమ్మిది.
చెకింగ్ వాళ్లు వచ్చుంటే నా పని అయిపోయుండు.

నీళ్లెక్కువై ఎనిమిది పడిపోయినాయి,
కాడ మొదట్లో దారంలా సన్నబడి.
అది నా తప్పే.

రెండు మొలిచిన కప్పులో ఒకటి తీసేయాలంట.
నర్సరీ ఆయప్ప కత్తెర చాలన్నాడు.
ఎందరినో దింపినా నేను,
చిల్లర లేదని, పాసు చెల్లదని.
ఒకసారి వానలో, పెద్దపప్పూరు ఇవతల,
చంకలో పిల్లోడున్న మనిషిని.
ముప్పావలా తక్కువ.
కత్తెర పట్టుకొని చానాసేపు కూర్చున్నా.
తర్వాత చెంచా తీసుకొని,
వేరుకంటిన మన్ను రాలకుండా ఒక్కోదాన్ని లేపి,
ఇంకో ఇరవై కప్పులకు కుళ్లాయప్ప దగ్గరికి పోయినా.

మృగశిర. గాలి తిరిగింది.
మొదటి రోజు వాకిట నీడన అరగంట,
రెండో రోజు గంట.
తలలు వాల్చినాయి, లోపలికి తెచ్చినా,
నీళ్లు తాగి లేచినాయి.
మూడో రోజు పాలిష్ ఫ్యాక్టరీ దుమ్ము
ఆకాకు మీదా తెల్లగా.
దస్తగిరమ్మ కొంగు తడిపి తుడుస్తాండె,
నేను చూడలేదనుకొని.

ఆరుద్రలో ఒక సందకాడ పెన్న దిక్కు నుంచి వాన.
రోడ్డు పక్క, బండముక్కల కుప్ప వెనక
గజం వెడల్పు నేలుంది. మాది కాదు, ఎవరిదో అడగలేదు.
జానెడు జానెడు దూరాన ఒక్కోదాన్ని గుంతలో దింపుతుంటే
నోటికదే వచ్చింది:
చూసి దిగండి, చూసి.

మరునాడు ఏడున్నరకు
గవాచి ఎండ వచ్చి గోడ మీద నిలబడింది.
ఖాళీ బండి.
దస్తగిరమ్మ ఆ చదరంలో చాట నిండా
మిరపకాయలు పోసి వంటింట్లోకి పోయింది.
పదింటికి లేచి
చాటను స్తంభం దగ్గరికి జరిపినా.